విరామ విద్య: పాత టెలివిజన్ కటకానికి కొత్త కొలువు

గడచిన సంచికలో గోడ గడియారాల మరమ్మతు గురించి ముచ్చటించుకున్నాము. ఆ వ్యాసం చదివిన సోదర ఉద్యోగి ఒకరు క్యాంటీనులో మమ్ము ఆపి, "కర్మాగారాలలో కొలిమిని, కన్వేయరును కనిపెట్టి చూచుటకు వాడిన పాత టెలివిజన్ కెమెరాల కటకాలు పాత సామాను దుకాణాలలో చవకగా దొరుకుతున్నవి కదా, వాటితో ఫొటోలు తీయవచ్చునా?" అని అడిగారు. తీయవచ్చును. మంచి ఫొటోలే తీయవచ్చును. అయితే ఒక షరతు ఉన్నది. ఆ షరతు ఖరీదుకు గాని, నేర్పుకు గాని సంబంధించినది కాదు. కేవలం దూరానికి సంబంధించినది. ఆ దూరం మిల్లీమీటరులో మూడవ వంతు తప్పినందుకు మేము ఒక సాయంకాలం ఇరుగుపొరుగులో తలవంచుకొనవలసి వచ్చినది. ఆ ముచ్చట చెప్పుటకు ముందు కొంత శాస్త్రం తెలుసుకొనుట అవసరం.

కటకాల పూర్వ చరిత్ర

కొడాక్ సంస్థ 1923లో 16 మి.మీ. సినీ ఫిల్మును ప్రవేశపెట్టినది. ఆ చిన్న సినీ కెమెరాల కొరకు రూపొందిన కటకపు బిగింపు ఒకటి కాలక్రమంలో ప్రపంచమంతటా ప్రమాణంగా స్థిరపడినది. దానికి 'సి మౌంటు' అని పేరు. 1 అంగుళం వ్యాసం, అంగుళానికి 32 మరచుట్లు, అంతే దాని నిర్మాణం. 1950లో అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థ విడికాన్ అను చిన్న టెలివిజన్ గొట్టాన్ని వెలువరించినది. టెలివిజన్ కెమెరా దానితో చేతిలో ఇమిడే పరిమాణానికి వచ్చి, కర్మాగారాలలోకి, ఆసుపత్రులలోకి, బ్యాంకులలోకి ప్రవేశించినది. ఆ కెమెరాలకు కొత్త బిగింపు కనిపెట్టుట ఎందుకని తయారీదారులు సినిమా వారి సి మౌంటునే స్వీకరించారు. కావున నేడు పాత సామానులో దొరికే 'టి.వి. లెన్సు' అనేది నిజానికి సినీ కటకానికి తమ్ముడే.

కొలిమి వద్ద గాని, రాత్రివేళ గిడ్డంగిలో గాని వెలుతురు చాలదు. నాటి విడికాన్ గొట్టానికి చీకటిలో చూపు ఆనేది కాదు. అందుచేత ఆ కటకాలను పెద్ద ద్వారంతో, అనగా ఎఫ్ 1.4, కొన్నిటిని ఎఫ్ 0.95 వరకు కూడ, తయారు చేశారు. ఫొటో కెమెరాలకు ఇంత వెలుతురును లోనికి రానిచ్చే కటకాలు కొనవలెనంటే నేటికీ పెద్ద మొత్తమే వెచ్చించాలి. ఔత్సాహికులకు వీటిపై మక్కువ కలుగుటకు కారణం ఇదే.

టెలివిజన్ కటకం ఫొటో కెమెరాకు మేలు చేయుట కొత్త సంగతి కూడ కాదు. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ ఫ్రాంక్ బాక్ 1940ల చివర టెలివిజన్ ప్రసారాల కొరకు 'జూమార్' కటకాన్ని రూపొందించారు. ఆయన రూపకల్పనతోనే 1959లో ఫోక్ట్‌లాండర్ సంస్థ ఫొటో కెమెరాకు 36 నుండి 82 మి.మీ. వరకు మారే జూమ్ కటకాన్ని వెలువరించినది. 35 మి.మీ. ఫొటో కెమెరాలకు మార్కెట్టులో లభించిన తొలి జూమ్ కటకం అదే.

పదిహేడున్నర మిల్లీమీటర్ల కథ

మన దేశంలో టెలివిజన్ ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైనది. అదే సంవత్సరం జపానులో నికాన్ ఎఫ్ అను ఫొటో కెమెరా వెలువడినది. టెలివిజన్ కటకమూ, ఆ తరహా ఫొటో కెమెరాలూ దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఒకే లోకంలో ఉండి కూడ ఒకదానితో ఒకటి కలవలేకపోయినవి. కారణం చూడండి.

కటకం కెమెరాపై ఆనుకొనే పీఠం నుండి ఫిల్ము తలం వరకు గల దూరాన్ని ఫ్లాంజి దూరం అంటారు. సి మౌంటుకు ఇది 17.526 మి.మీ. నికాన్ ఎఫ్‌కు 46.5 మి.మీ. ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో కటకానికీ ఫిల్ముకూ నడుమ అద్దం పైకి, క్రిందికి ఊగుతుంది గనుక ఆ చోటు తప్పనిసరి. సి మౌంటు కటకం అట్టి కెమెరాతో దూరపు వస్తువును స్పష్టంగా చూపవలెనంటే, 29 మి.మీ. లోపలికి చొచ్చుకొని పోయి అద్దం స్థానంలో కూర్చొనవలెను. అది అసాధ్యం. బయటనే బిగిస్తే ఏమవుతుంది? 50 మి.మీ. కటకం సుమారు 14 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును మాత్రమే స్పష్టంగా చూపుతుంది. చీమకు, ధాన్యపు గింజకు బాగుంటుంది, మనుషులకు పనికిరాదు.

2008లో ఒలింపస్, పానాసోనిక్ సంస్థలు అద్దం లేని 'మైక్రో ఫోర్ థర్డ్స్' విధానాన్ని ప్రకటించినవి. అందులో ఫ్లాంజి దూరం 19.25 మి.మీ. మాత్రమే. 2010లో సోనీ 18 మి.మీ.తో, 2012లో ఫ్యూజీ 17.7 మి.మీ.తో కెమెరాలు వెలువరించినవి. సి మౌంటుకూ వీటికీ నడుమ భేదం రెండు మిల్లీమీటర్ల లోపే. లోపలికి కొద్దిగా గుంట వలె దిగిన అల్యూమినియం అడాప్టరు ఉంటే చాలు. మైక్రో ఫోర్ థర్డ్స్‌కు ఆ గుంట లోతు 1.724 మి.మీ. అర్ధ శతాబ్దపు అడ్డుగోడ ఆ విధంగా తొలగినది.

ఆ కొలతలో దశాంశాలను తేలికగా తీసుకొనరాదు. కటకపు నాభ్యంతరాన్ని దానితోనే గుణించి, అడాప్టరు ఎంత మందం ఎక్కువైనదో దానితో భాగిస్తే, ఆ కటకం స్పష్టంగా చూడగల గరిష్ఠ దూరం వస్తుంది. 25 మి.మీ. కటకానికి అడాప్టరు 0.1 మి.మీ. మందం ఎక్కువైతే, 625ను 0.1తో భాగించగా 6,250 మి.మీ., అనగా ఆరుంబావు మీటర్లు. ఆపైన కొండ అయినా, చంద్రుడైనా మసకే. పదవ తరగతి చదివే పిల్లలు సైతం చేయగల లెక్క ఇది. ఇంట్లో పిల్లల చేత చేయించి చూడగలరు.

మహామహులకు కూడ ఈ దూరంతో పేచీ తప్పలేదు. అమెరికా అంతరిక్ష సంస్థ కొరకు జైస్ సంస్థ తయారు చేసిన 50 మి.మీ. ఎఫ్ 0.7 కటకాన్ని స్టాన్లీ కూబ్రిక్ తన 'బారీ లిండన్' (1975) చిత్రంలో కొవ్వొత్తుల వెలుగులో దృశ్యాలు తీయుటకు వాడారు. ఆ కటకపు వెనుక గాజు ఫిల్ముకు అతి సమీపంగా ఉండవలసి వచ్చినందున, సినీ కెమెరా లోపలి లోహ భాగాలనే తరగవలసి వచ్చినది.

ప్రతిబింబ వృత్తం

రెండవ సంగతి కొంత సులువు. ప్రతి కటకం తన వెనుక ఒక వెలుగు వృత్తాన్ని పరుస్తుంది. టెలివిజన్ కటకాలపై 1 అంగుళం, 2/3 అంగుళం, 1/2 అంగుళం అని వ్రాసి ఉండును. ఇవి ప్రతిబింబపు కొలతలని భ్రమపడరాదు. నాటి విడికాన్ గొట్టపు వెలుపలి వ్యాసాలవి. వాటి అసలు ప్రతిబింబాల కర్ణం వరుసగా 16, 11, 8 మి.మీ. మాత్రమే. మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సారు 17.3 × 13 మి.మీ.; దాని కర్ణం 21.6 మి.మీ. కావున నాలుగు మూలలూ నల్లబడుట సహజం. 1/2 అంగుళం కటకమైతే తాళపు రంధ్రం నుండి తొంగి చూచినట్లే ఉంటుంది.

అయితే నాభ్యంతరం పెరిగిన కొలది వృత్తం సాధారణంగా పెద్దదవుతుంది. 1 అంగుళం తరగతికి చెందిన 50 మి.మీ. కటకాలు పెక్కు సందర్భాలలో సెన్సారు మొత్తాన్ని కప్పుతవి. 25 మి.మీ. కటకంతో మూలలు నల్లబడితే చిత్రాన్ని చతురస్రంగా కత్తిరించుకొనవచ్చును. 16 మి.మీ. వృత్తంలో 11.3 మి.మీ. చతురస్రం ఇముడుతుంది. 1.6 కోట్ల బిందువుల సెన్సారులో ఇది సుమారు 90 లక్షల బిందువులు. పది అంగుళాల చదరపు పటానికి ధారాళంగా చాలును.

సూర్యమందిరం మెట్ల మీద

ఇక మా తలవంపుల కథ. మేము నివసించే సిద్ధగోరాలో సూర్యమందిరం, దానిని ఆనుకొని జలాశయం ఉన్నవి. మన నాగుల చవితి గడచిన రెండు దినాలకు, కార్తిక శుద్ధ షష్ఠి సాయంకాలం, ఇక్కడ ఛఠ్ పండుగ జరుగుతుంది. స్త్రీలు ముప్పది ఆరు గంటలు నీరైనా ముట్టక ఉపవసించి, నీటిలో నిలిచి, వెదురు చాటలో పండ్లు, కొబ్బరికాయ, ఠేకువాలు పెట్టుకొని అస్తమించే సూర్యునికి అర్ఘ్యం ఇస్తారు. మరునాడు ఉదయించే సూర్యునికి మరల ఇచ్చి వ్రతం చాలిస్తారు. అస్తమించే సూర్యునికి ముందుగా మ్రొక్కే పండుగ ఇది. ముక్కు మొదలు పాపిట వరకు దిద్దిన సింధూరం, వెదురు చాటలు, నీటిపై దీపాలు చూడవలసిన దృశ్యం.

మా పొరుగున ఒక బీహారు కుటుంబం ఉన్నది. ఆ ఇంటి పెద్దావిడను వీధి వారందరితో పాటు మేము కూడ మాతాజీ అని పిలుస్తాము. కాళ్లు సహకరించనందున ఆ సంవత్సరంతో వ్రతాన్ని కోడలికి అప్పగించ నిశ్చయించుకున్నారు. ఆ ప్రాంతాలలో వ్రతాన్ని అట్లు చేతులు మార్చుట ఆచారం. వారి కుమారుడు మా ఇంటికి వచ్చి, "భాయీ సాబ్, అమ్మ నీళ్లలో నిలుచుట ఇదే ఆఖరు. నేను దౌరా నెత్తిన పెట్టుకొని నడవాలి, నా చేతులు ఖాళీ ఉండవు. మీరు ఒక్క మంచి బొమ్మ తీసి పెట్టండి" అన్నారు.

అంతకు వారం ముందే కోల్‌కతా చాందినీ చౌక్‌లోని పాత సామాను దుకాణంలో 50 మి.మీ. ఎఫ్ 1.4 టెలివిజన్ కటకం ఒకటి కొన్నాము. అడాప్టరు కూడ తెప్పించుకున్నాము. వరండాలో మా శ్రీమతిని, తులసి కోటను తీసి మురిసిపోయాము. ఆ మురిపెంలో, కెమెరాతో వచ్చిన సొంత కటకాన్ని ఇంటనే వదలి వెళ్లాము. సాయంకాలం జనసమ్మర్దం మూలంగా మెట్ల మీద, మాతాజీకి పన్నెండు మీటర్ల దూరంలో నిలువవలసి వచ్చినది. దూరపు వలయాన్ని చివరి వరకు త్రిప్పి, కెమెరా వెనుక చిన్న తెరపై చూచి బాగున్నదనుకొని నలభై చిత్రాలు తీశాము.

ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూడగా గుండె జారినది. మాతాజీ ముఖం మసకగా, నీటిలో కరిగినట్లు ఉన్నది. ఆమెకూ మాకూ నడుమ ఎవరో నిలబెట్టిన చెరకు గడలు మాత్రం కణుపు కణుపు లెక్కించునంత స్పష్టంగా ఉన్నవి. వారి కుమారునితో ఆ మాట చెప్పుటకు నోరు రాలేదు, చెప్పక తప్పలేదు. ఆయన ఒక్క క్షణం ఊరుకొని, "తెల్లవారుజామున మరొక అర్ఘ్యం ఉన్నది గదా" అన్నారు. మమ్ము ఓదార్చినట్లే ఉన్నది గాని, ఆ మాటతో మా బాధ్యత ఇనుమడించినది.

సొంత కటకం తీసుకొని వెళితే సరిపోయేది. దాని ద్వారం చిన్నది. తెల్లవారుజామున వెలుతురు చాలదు. ఫ్లాష్ వెలిగించి వ్రతంలో ఉన్నవారి కన్నులలో కొట్టుటకు మనసొప్పలేదు. కావున తప్పు ఎక్కడున్నదో వెదుక నిశ్చయించాము. టేపుతో వీధిలో కొలచి చూచితిమి. వలయం అనంతం గుర్తు వద్ద ఉండగా 8 మీటర్ల 30 సెంటీమీటర్ల దూరపు వస్తువు స్పష్టంగా వస్తున్నది. 2,500ను 8,300తో భాగించగా 0.30 మి.మీ. డెప్త్ గేజితో అడాప్టరు గుంటను కొలువగా 1.42 మి.మీ. మాత్రమే ఉన్నది, ఉండవలసినది 1.72. లెక్కా, కొలతా ఒక్కటైనవి. వరండాలో బొమ్మలు బాగుగా వచ్చుటకు కారణం కూడ తెలిసినది. అవన్నీ మూడు మీటర్ల లోపువే.

రాత్రి వేళ అడాప్టరును లేతు యంత్రం మీద తరగుటకు వీలు లేదు. అయితే ఇట్టి కటకాలలో దూరపు వలయాన్ని పట్టి ఉంచే మూడు చిన్న మరమేకులు ఉండును. వాటిని వదులు చేస్తే వలయాన్ని కదల్చక లోపలి కటకాన్ని మరికొంత వెనుకకు త్రిప్పవచ్చును. గడియారాల పనికి ఉంచుకున్న సన్నని స్క్రూడ్రైవరుతో డాబా ఎక్కాము. షష్ఠి చంద్రుడు ఇంకను పడమట ఉన్నాడు. అంతకన్న నమ్మకమైన 'అనంతం' మరి ఎక్కడ దొరకును? చంద్రుని అంచు తెరపై గీత గీచినట్లు వచ్చే వరకు త్రిప్పి, మరమేకులు బిగించి, దూరపు వీధి దీపంతో మరల సరిచూచుకున్నాము. అరగంట పని.

మరునాడు చీకటి ఉండగానే అదే మెట్టు మీద నిలిచాము. తూర్పు ఎరుపెక్కే వేళ, ఎఫ్ 1.4 వద్ద, సెకనులో 125వ వంతు కాలంలో, ఐ.ఎస్.ఓ. 1600తో పద్ధెనిమిది చిత్రాలు తీశాము. ఒకదానిలో మాతాజీ చాటను కోడలి చేతులలో పెడుతున్నారు. చేతులు నాలుగూ చాట క్రిందనే ఉన్నవి. వెనుకనున్న జనమంతా మెత్తగా కరిగి, ఆ రెండు ముఖాలే నిలిచినవి. మూలలు కొద్దిగా నల్లబడినవి. ఎవరూ దానిని తప్పు పట్టలేదు. ఆ పటం నేడు వారి పూజగదిలో ఉన్నది. మరుసటి సంవత్సరం నుండి చాట కోడలి చేతనే ఉన్నది. మాతాజీ గట్టున కుర్చీలో కూర్చొని చూస్తారు.

చేయదలచిన వారికి సూచనలు

1. సి మౌంటుకూ సి.ఎస్. మౌంటుకూ మరచుట్లు ఒక్కటే; ఫ్లాంజి దూరంలో సరిగా 5 మి.మీ. భేదం. సి.ఎస్. కటకం ఈ పనికి పనికిరాదు. కొనుటకు ముందే అడిగి తెలుసుకొనగలరు.

2. ద్వారం స్వయంగా తెరచుకొని, మూసుకొనే కటకాలకు విద్యుత్తు లేనిచో ద్వారం మూసుకొనియే ఉండును. చేతితో త్రిప్పే వలయం ఉన్న కటకాన్నే ఎన్నుకొనవలెను.

3. అడాప్టరు రవ్వంత పలుచగా ఉన్నా నష్టం లేదు. అనంతం కొంత ముందుగానే వస్తుంది. మందమైతే మాత్రం రాదు. చేతికి రాగానే కొలువవలెను. చంద్రునితోనో, దూరపు గోపురంతోనో పరీక్షింపక ముందు ముఖ్యమైన పనికి తీసుకొనిపోరాదు.

4. కొన్ని కటకాల నడుము లావు. అడాప్టరు గుంటలో దిగదు. అట్టి దానిని మేము ఒకసారి విప్పదీయకయే లేతు మీద తరగగా, లోహపు పొడి ద్వారపు రేకులలో చేరి కటకం చెడినది. మా అవివేకం మీకు వద్దు.

5. కెమెరా మెనూలో 'కటకం లేకున్నను చిత్రం తీయుము' అను అంశాన్ని ఆన్ చేయవలెను. తెరపై చిత్రాన్ని పెద్దది చేసి చూచి దూరం సరిచేసుకొనవలెను. వలయం మీది గుర్తును నమ్మరాదు. మా సాయంకాలం చెడినది ఆ నమ్మకం వల్లనే.

6. 1940ల నుండి 1970ల వరకు తయారైన కొన్ని కటకాల గాజులో థోరియం కలిపేవారు. గాజు తేనె రంగుకు తిరిగి ఉండుట దాని గుర్తులలో ఒకటి. మామూలుగా ఫొటోలు తీయుటకు భయం లేదు. అయితే అట్టి గాజును అరగదీయరాదు. భూతద్దంగా కంటికి ఆనించి వాడరాదు. పిల్లలకు ఆటవస్తువుగా ఈయరాదు.

7. చివరి మాట. స్టోర్సులో మూలన పడియున్న కటకం ఎంత పాతదైనా, వేలం జరుగు వరకు సంస్థ ఆస్తియే. జేబులో పెట్టుకొని గేటు దాటరాదు. ఈ శీర్షిక చదివి ఎవరైనా గేటు వద్ద పట్టుబడితే, ఆ అపఖ్యాతి మాకు కూడ చెందును.

నేటి సెల్‌ఫోను ఇంత శ్రమ లేకుండ చక్కని ఫొటో తీయగలదు గదా అని కొందరు అనవచ్చును. నిజమే. ఆనాడు వారి కుమారుని చేతులు ఖాళీగా ఉండి ఉంటే, ఆయన ఫోనే ఆ పని చేసియుండును; మేమూ దానిని మెచ్చుకొనేవారము. అయితే మసకబడిన ఫొటోకు కారణం ఫోను మనకు చెప్పదు. పాత కటకం చెప్పినది. టేపుతో, గుణకార భాగహారాలతో సరిదిద్దనిచ్చినది. మన ఇళ్లలో ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. కొలత అనగా ఏమిటో వారికి చేతితో తెలియుటకు ఇంతకన్న చౌకైన పాఠం మాకు కనబడలేదు.

ఈ ప్రయోగం చేసిన వారు తమ చిత్రాలను, అంతకన్న ముఖ్యంగా తమ తప్పులను, సంపాదకవర్గానికి పంపగలరని మనవి. వచ్చే సంచికలో ఇంటిలోని పాత తూకపు కాటాను సరిచేసుకొనుట గురించి ముచ్చటించుకుందాము.